నాలుగో రిమ్ము, జంట తుమ్ము

నేను పుట్టు పిరికివాణ్ని. సిగ్గుపడి చెప్పడం లేదు. మా ఇంట్లో, నేను పాఠాలు చెప్పే బడిలో, చివరికి బట్టలు ఇస్త్రీకిచ్చే కొట్లో కూడా అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. పామంటే భయం, పిడుగంటే భయం, ఎద్దు తల ఊపితే భయం. అన్నిటికన్నా బండి చక్రాలంటే భయం. "అందరు పిల్లలూ ఆకలికి ఏడుస్తూ పుడితే వీడు భయంతో ఏడుస్తూ పుట్టాడు" అని మా అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పి నవ్వేది. నేనూ నవ్వేవాణ్ని. నవ్వకపోతే ఇంకొకటి చెబుతుందని భయం.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం నా భయాలన్నీ కట్టగట్టుకుని ఒక ఎర్ర కారు మీద వాలాయి. అది మా బావది. బావ కొత్తగూడెంలో బొగ్గు లారీల కాంట్రాక్టు చేసేవాడు. పగలంతా లారీల మధ్య తిరిగే మనిషి, సొంతానికి మాత్రం రెండే తలుపులున్న విదేశీ కారొకటి మద్రాసులో పాతది కొనుక్కొచ్చాడు. నేలను కరుచుకుని ఉండేది. చుట్టుపక్కల బొగ్గుగని క్వార్టర్ల పిల్లలు దానికి కప్ప కారని పేరు పెట్టారు. బావ మాత్రం "స్పోర్ట్స్ కారు" అని ప్రతి అక్షరం నొక్కి పలికేవాడు.

ఆ కారులోనే మా అక్కను పురిటికి పుట్టింటికి, అంటే వేంసూరుకు, తానే తీసుకెళ్లి దింపుతానన్నాడు. అక్కకు అంతకుముందు ఒక కడుపు నిలవలేదు. ఈసారి డాక్టరమ్మ మంచం దిగొద్దంటే దిగకుండా నెలలు గడిపింది. అందుకే ఏడో నెలలో జరగాల్సిన ప్రయాణం తొమ్మిదో నెలకు జరిగింది. ఈ బిడ్డ క్షేమంగా భూమ్మీద పడితే చాలని అమ్మ మొక్కని దేవుడు లేడు. అలాంటి అక్కను కప్ప కారులో కూర్చోబెట్టి, అడవి దారిన, గుంతల మీదుగా తీసుకెళ్లడమన్నది తలుచుకున్నప్పుడల్లా లేచి వెళ్లి ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చేవాణ్ని.

పైగా ఆ కారు చక్రాలు బాగా లేవు. టైర్లకు బటన్ పూర్తిగా అరిగిపోయింది. టైరు మీద నేలను పట్టుకునే చారలను మా వైపు బటన్ అంటారు. అది పోతే టైరు బోడిగుండే. దానికి తోడు ఎడమవైపు ముందు చక్రం రైలు గేటు దగ్గర గుంతలో పడి రిమ్ము అంచు సొట్టపోయింది. అవి మామూలు ఇనుప రిమ్ములు కావు, అల్యూమినియం కలిపి పోసిన అల్లాయ్ రిమ్ములు. పువ్వు రేకుల్లా ఉండేవి. వాటి కోసమే కారు కొన్నానని బావ అనేవాడు.

బడికి సెలవులు కాబట్టి నేను అక్కకు సాయంగా కొత్తగూడెంలో ఉన్నాను. బావ ఖమ్మం టైర్ల కొట్లకు బయల్దేరుతూ నన్నూ రమ్మన్నాడు. భయపడేవాణ్ని పక్కన పెట్టుకుంటే ఆయనకు ధైర్యం రెట్టింపవుతుందనుకుంటాను. ఆ సైజు టైరు ఖమ్మంలో ఏ కొట్లోనూ లేదు. ఒకాయన ఫియట్ టైరు ఎక్కుతుందని తెచ్చి చూపించాడు.

"గిదేంది, సైకిల్ టైరు లెక్కుంది?" అన్నాడు బావ.

"గుడ్డికన్నా మెల్ల నయం కదా బావా. కొత్తది, బటన్ బాగుంది" అన్నాను.

"మెల్లకన్నుదాన్ని కట్టుకోమంటే కట్టుకుంటవా బామ్మర్దీ?" అన్నాడు. కొట్లో అందరూ నవ్వారు.

ఇంకొకాయన పాత టైర్ల మీదే రీబటన్ చేయిస్తానన్నాడు. అంటే బోడి టైరు మీద కొత్త రబ్బరు పట్టీ అతికిస్తారు. పాల్వంచ రోడ్డు పొడుగునా లారీల నుంచి ఊడిపడ్డ ఆ పట్టీలు ఎండకు మెలితిరిగి పడి ఉండటం నేను రోజూ చూసేవాణ్ని. వద్దు బావా, వద్దు బావా అని చొక్కా పట్టుకుని లాగాను. నా అదృష్టం, ఆ ఒక్కసారికి విన్నాడు. బెజవాడ పోయి వెడల్పాటి విదేశీ రేడియల్ టైర్లు నాలుగు కొన్నాం. కొత్తవి. వేలు పెడితే దిగేంత బటన్. ఆ రోజు తిరిగొస్తూ కారులో నేను కునుకు కూడా తీశాను. నా జీవితంలో కారులో నిద్రపోవడం అదే మొదలు.

ఆ నిశ్చింత ఒక పూట కూడా నిలవలేదు. రేడియల్ టైరు ఎక్కించి నిలబెడితే పక్కలకు కాస్త పొట్ట వేసినట్టు కనిపిస్తుంది. దాని తీరే అంత. గాలి ఎక్కువ కొట్టించొద్దని బెజవాడ కొట్టాయన చెప్పి మరీ పంపాడు. కానీ కొత్తగూడెంలో అప్పటిదాకా అందరూ చూసినవి బిగుసుకుని నిలబడే నైలాన్ టైర్లే. కారు ఆగిన చోటల్లా ఎవరో ఒకరు వంగి చూసి "గాలి తక్కువున్నది సేటూ" అనేవారు. లారీ డ్రైవర్లు అన్నారు, పాన్ డబ్బా ఆయన అన్నాడు, డాక్టరమ్మ దవాఖానా ముందు వాచ్‌మన్ కూడా అన్నాడు. స్పోర్ట్స్ కారు పొట్టతో కనిపించడం బావకు నామోషీ. ఆ పొట్ట పోయేదాకా గాలి కొట్టించాడు. టైర్లు రాయిలా అయ్యాయి. ఎండాకాలం, అంత గాలి, కింద గుంతలు. వద్దన్నాను. "గాలికి గూడ భయపడితె ఎట్ల బతుకుతవురా?" అన్నాడు.

ఇక రిమ్ముల సంగతి. వంగిన రిమ్మును బాగుచేయడానికి టైర్లు విప్పించి, లారీల సొట్టలు తీసే డెంటింగ్ షెడ్డుకు తీసుకెళ్లాం. అక్కడి పనివాడు దాన్ని తిప్పి చూసి, "ఎన్ని లారీలవి సక్కజేసిన, గిదెంత పని?" అన్నాడు. ఇనుమును ఎర్రగా కాల్చి కొడితే మాట వింటుంది. ఇది ఇనుము కాదు కదా, పగులుతుందేమో అని నేనంటే, "ఏదైతేంది సారూ, వంగినదాన్ని వంచుడే" అని గ్యాసు మంట పెట్టి సుత్తి ఎత్తాడు. ఒక్కొక్క దెబ్బ నా వెన్నులో పడింది. తర్వాత అంచు సొట్టలను లప్పం ముద్దతో పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, వెండి రంగు కొట్టాడు. మిగతా మూడింటిని బావ ఇంటికి తెచ్చి ఇత్తడి బిందెల్లా చింతపండుతో తోమించాడు. మెరవాల్సినవి బూడిద రంగుకు తిరిగాయి. వాటికీ వెండి రంగే పడింది. చివరికి నాలుగూ పెళ్లికొడుకుల్లా తయారయ్యాయి.

టైర్లు తిరిగి ఎక్కించేముందు నాలుగు రిమ్ములనూ షెడ్డు గోడకు వరుసగా ఆనించి పెట్టారు. మా ఊళ్లో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడకుండా ఎవరూ కొనరు. నాకూ ఆ అలవాటే. అక్కడ పడి ఉన్న చెక్క పిడితో ఒక్కొక్క రిమ్మునూ కొట్టి చూశాను. మూడూ ఖంగుమన్నాయి. నాలుగోది, సుత్తి దెబ్బలు తిన్నది, ఠప్పుమంది. మళ్లీ కొట్టాను. మళ్లీ ఠప్పే. బావను పిలిచాను.

"బావా, ఇది పగిలింది. వినండి."

ఆయన విన్నాడు, డెంటింగ్ అతనూ విన్నాడు. లప్పం పెట్టాక మోత తగ్గకుండా ఉంటుందా అన్నాడతను. "సారుకు కుండల దుకాణం పెట్టిద్దాం" అన్నాడు బావ. షెడ్డంతా నవ్వులు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆ రిమ్మును మళ్లీ ఎడమవైపు ముందుకే బిగించారు. దాని వెనకే అక్క కూర్చునే సీటు.

రోజూ అన్నం ముందు కూర్చుంటే ఆ ఠప్పు వినిపించేది. అక్కతో చెప్పాను. అక్క పచ్చడి కలుపుకుంటూ విన్నది, అంతే. వేంసూరు నుంచి సారె పట్టుకుని, అక్కను తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మతో చెప్పాను. "నీ పిరికితనం దానికి అంటించకు. నెలలు నిండిన మనిషి" అని కసిరింది.

అందుకని ప్రయాణం రోజు నాకు చేతనైన ఒకే ఒక్క ఉపాయం పన్నాను. ఆ రోజు బయల్దేరే మంచి ఘడియలు కొద్దిసేపే ఉన్నాయి. తర్వాత వర్జ్యం. గడప దాటేటప్పుడు ఎవరైనా తుమ్మితే ఆగాలి, కాళ్లు కడుక్కోవాలి, కూర్చుని నీళ్లు తాగాలి. ఆ లోపల వర్జ్యం వచ్చి పడుతుంది, ప్రయాణం మర్నాటికి మారుతుంది. మర్నాడు బావకు లారీల లోడింగు. అక్క అమ్మతో కలిసి బస్సులో వెళ్తుంది. ఒక్క తుమ్ముతో ఇద్దరి ప్రాణాలు గట్టెక్కుతాయి. పక్కింటి ముసలాయన దగ్గర చిటికెడు నశ్యం అడిగి పొట్లం కట్టుకున్నాను.

వాకిట్లో కారుకు పూజ చేశారు. నాలుగు చక్రాలకూ పసుపు నీళ్లు చల్లి, కుంకుమ అద్ది, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. అక్క గడపలోకి వచ్చింది. నేను తలుపు చాటున నశ్యం పీల్చాను. బెదురులో చిటికెడు కాస్తా పొట్లమంతా అయింది. అక్క కుడికాలు ఎత్తగానే బ్రహ్మాండంగా తుమ్మాను.

అందరూ కొయ్యబారిపోయారు. అమ్మ మొహం వాడిపోయింది. బావ "ఛత్" అన్నాడు. నా పని అయిందనుకున్నాను. అంతలో ముక్కు మళ్లీ దురద పెట్టింది. చేత్తో మూసుకున్నాను, పెదవి కొరుక్కున్నాను, దేవుణ్ని తలుచుకున్నాను. ఆగలేదు. మొదటిదానికన్నా గట్టిగా రెండోది వచ్చింది.

"జంట తుమ్ము!" అని అమ్మ చప్పట్లు కొట్టింది. "ఒంటి తుమ్మయితే ఆగాలి గానీ జంట తుమ్ము మహా శుభం. బయల్దేరు తల్లీ, బయల్దేరు."

నిమ్మకాయలు చితికాయి. అక్క బట్టల మూటలతో అమ్మ వెనక బస్సులో వస్తానంది. ఇక నేను చేయగలిగింది ఒక్కటే. ఆ కారు వెనక కోడిగూడంత సీటులో మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చున్నాను. ఎక్కకపోతే బతికేవాణ్నే. కానీ అక్కను ఒక్కదాన్నే పంపి ఇంట్లో కూర్చోవడం ఇంకా భయంగా ఉంది.

ఊరు దాటగానే అడవి. ఆకురాలిన టేకు చెట్లు, మధ్యలో సన్నటి తారు రోడ్డు, దాని మీద బొగ్గు లారీలు తవ్వి పోయిన గుంతలు. రాయిలాంటి టైర్లు ప్రతి గుంతకూ ఎగిరిపడ్డాయి. అక్క ఒక చెయ్యి కడుపు మీద, ఒక చెయ్యి తలుపు మీద పెట్టుకుంది. నేను చెవి ఎడమవైపే పెట్టాను. చక్రం తిరిగే చప్పుడులో ఒక చిన్న టిక్కు, మళ్లీ టిక్కు. నిజంగా వినిపిస్తోందో, నా చెవులే పుట్టిస్తున్నాయో తెలియలేదు. "మెల్లగా బావా" అన్నప్పుడల్లా ఆయన ఇంకాస్త తొక్కాడు. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది.

కొంత దూరం పోయాక రోడ్డు పక్కన నాలుగైదు కోయ ఇళ్లు, ఒక చేతిపంపు కనిపిస్తే అక్క నీళ్లు కావాలంది. బావ ఆపాడు. నేను నీళ్లు పట్టి అక్కకు ఇచ్చి, మిగిలిన చెంబు నీళ్లు ఆ చక్రం మీద పోశాను. ఎందుకు పోశానంటే చెప్పలేను. కాలిపోతోందేమో, చల్లబడుతుందని కాబోలు. పూజలో పెట్టిన పసుపూ కుంకుమా కరిగి జారిపోయాయి. ఒక్క గీత మాత్రం పోలేదు. వెండి రంగు మీద, అంచు నుంచి లోపలికి, జానెడు పొడుగున, వెంట్రుకంత సన్నగా ఎర్రటి గీత. తువ్వాలుతో రుద్దాను. పోలేదు. గోటితో గీకాను. గోరు అందులో దిగింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. "బావా, ఇది కుంకుమ బొట్టు కాదు. పగులు. కుంకుమ నీళ్లు లోపలికి దిగినయ్."

బావ దిగొచ్చి వంగి చూశాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో కూడా ఏదో కదిలినట్టనిపించింది. తర్వాత పాన్ డబ్బా దగ్గర నవ్వే నవ్వు నవ్వాడు. "పైన లప్పం పగిలింది. కుంకుమ ఎర్రగ గాక పచ్చగ ఉంటదా? బొట్టును జూసి భయపడెటోన్ని నిన్నే చూసిన. ఎక్కు జల్దీ."

ఆయనతో వాదించే శక్తి నాకెప్పుడూ లేదు. అక్క వైపు తిరిగి, "అక్కా, ఒక్కసారి దిగవే" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది.

అక్క చక్రం వైపు చూడలేదు. నన్ను చూసింది. తర్వాత తలుపు తీసుకుని, కడుపు పట్టుకుని, మెల్లగా దిగింది.

"నడుం లాగుతున్నదండీ" అంది బావతో. "ఈ సీట్ల కూసోలేను. అమ్మ బస్సుల వస్త. మీరు గూడ ఆగుండ్రి."

"బస్సుల ఇంక కుదుపు గాదా?"

"కాళ్లు చాపుకుంట."

పెళ్లాన్ని స్పోర్ట్స్ కారులో దింపుదామని బయల్దేరిన మనిషి. చుట్టూ ఇళ్ల వాళ్లు వచ్చి నిలబడ్డారు. ఆయన మొహం కందగడ్డయింది. అక్క రెండోసారి ఆగమంది, చెయ్యి కూడా పట్టుకుంది. విడిపించుకుని, తలుపు ధడాలున వేసి, దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాడు.

ఒక కోయ అవ్వ ఇప్పపువ్వు ఆరబోసిన చాప పక్కకు జరిపి నులకమంచం వేసింది. ఆమె మాట నాకు సగమే అర్థమైంది గానీ అక్కను చూసి వేసిన మంచం మాత్రం పూర్తిగా అర్థమైంది. అక్క కూర్చుని రోడ్డు వంకే చూసింది. బస్సు ఎంతకీ రాలేదు. అప్పటిదాకా అక్క కోసం వణికిన నేను ఇప్పుడు బావ కోసం వణికాను. అటు నుంచి లారీ వచ్చినప్పుడల్లా ఆపి, ఎర్ర కారు కనిపించిందా అని అడగబోయి, ఏం చెబుతారోనని అడక్కుండా ఊరుకున్నాను.

బస్సు వచ్చింది. అమ్మ కిటికీలోంచి మమ్మల్ని చూసి గుండెలు బాదుకుంది. ఎక్కించుకున్నారు. కొంత దూరం పోయాక, వాగు మీది కల్వర్టు మలుపులో డ్రైవరు బస్సు ఆపేశాడు.

కారు రోడ్డు దిగి మద్ది చెట్టుకు కొట్టుకుని ఉంది. ఎడమవైపు ముందు చక్రం రిమ్ము రెండుగా విడిపోయి, సగం రోడ్డు మీద పడింది. కొత్త టైరు దూరంగా గడ్డిలో, బటన్ చెక్కుచెదరకుండా, శుభ్రంగా ఉంది. బావ రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. నుదురు చిట్లింది, అంతే. చెట్టు మొద్దు ఎడమవైపు తలుపును తోసుకుంటూ గేరు దాకా వచ్చేసింది. అక్క కూర్చున్న సీటు లేదు. ఆ చోట చెట్టుంది.

బావ మా బస్సును చూశాడు. అక్క మెట్టు మీద కనిపించింది. ఆమెను చూసి, ఆ సీటును చూసి, మళ్లీ ఆమెను చూసి, నడి రోడ్డు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను వెళ్లి లేపాను. ఆయన బరువంతా నా భుజం మీద వేశాడు. అలాగే నడిపించి బస్సెక్కించాను.

బస్సు కదిలాక ఆయన ముందు సీట్లో తువ్వాలు నుదుటికి అదుముకుని కూర్చున్నాడు. అమ్మ ఏడుస్తూ, "ఆ నడుం నొప్పి దేవుడే పంపాడు, సరిగ్గా అక్కడే పంపాడు" అని కండక్టరుకు చెబుతోంది. అక్క నా చెవి దగ్గరికి వంగింది.

"నడుం నొప్పి లేదురా" అంది.

నేను తిరిగి చూశాను.

"ఆ బండి తెచ్చిన రోజు నుంచి నాకు భయమే. ముందటి కడుపు పోయినప్పుడు అందరు ధైర్యంగ ఉండు, ధైర్యంగ ఉండు అన్నరు. అప్పటి నుంచి భయమన్న మాట నోటికి రానిస్తలేను. నువ్వు అంటుంటే నా వంతు గూడ అంటున్నవని ఊకున్న." ఆమె చెయ్యి నా చేతి మీద పడింది. వేళ్లు నొప్పి పుట్టేలా పట్టుకుంది. "నువ్వు భయపడుడు బంద్ చెయ్యకురా" అంది. అంతమంది ముందు, సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆ నెలలోనే మేనకోడలు పుట్టింది. బారసాల రోజు అమ్మ నడుం నొప్పి మహిమను వచ్చిన వాళ్లందరికీ వర్ణిస్తూనే ఉంది. అక్క ఊ కొడుతూ వింటూ, బిడ్డను వేయబోయే ఉయ్యాల వైపు చూసి, ఎవరికీ కనపడకుండా నాకు సైగ చేసింది. వెళ్లి తాళ్లు పట్టి లాగి చూశాను. గట్టిగానే ఉన్నాయి. దూలం దగ్గర ముడి కూడా చూశాను. అక్క ఇంకా నన్నే చూస్తోంది. ఇంకోసారి లాగి చూశాను.